బీరుపై పన్ను పెరిగితే భారం ఎవరిపై? చిన్న తయారీదారు, వినియోగదారుడు, ప్రభుత్వ ఖజానా: ఒక వివరణ

హౌరా–చెన్నై రైలు మార్గంలో ఖరగ్‌పూర్ నుంచి శ్రీకాకుళం జిల్లాలోని పలాసకు చేరేలోగా ప్రయాణికుడు మూడు రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల పరిధిని దాటుతాడు. ఒకే కంపెనీ తయారుచేసిన, ఒకే పరిమాణం గల బీరు సీసాకు పశ్చిమ బెంగాల్‌లో ఒక ధర, ఒడిశాలో మరొక ధర, ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొక ధర ఉంటాయి. సీసాలోని పానీయం మారదు. మారేది పన్ను, ఆ పన్నును లెక్కించే పద్ధతి.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఉపాధి కోసం వెళ్లిన తెలుగువారు స్థిరపడిన పట్టణం ఖరగ్‌పూర్. అక్కడి తాల్‌బగీచా పేట పేరుకు బెంగాలీలో తాటితోపు అని అర్థం. స్వగ్రామంతో రాకపోకలు తెగని అక్కడి కుటుంబాలకు ఈ ధరల తేడా కొత్త విషయం కాదు. అయితే ఆ తేడా ఎందుకు వస్తుంది, పన్ను పెంచిన ప్రతిసారీ దాని భారం చివరికి ఎవరిపై పడుతుంది అన్న ప్రశ్నలకు సమాధానం పన్ను శాతంలో మాత్రమే దొరకదు. ఆ పన్నును దేనిపై విధిస్తున్నారన్నదే కీలకం. పరిమాణంపైనా, విలువపైనా, ఆల్కహాల్ మోతాదుపైనా, లేక లైసెన్సుపైనా అన్నదాన్ని బట్టి భారం మోసేవారు మారిపోతారు.

అధికారం రాష్ట్రాలదే

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా మద్యంపై రాష్ట్రాలకు విస్తృత అధికారాలు ఇచ్చింది. 8వ అంశం ప్రకారం మత్తు పానీయాల తయారీ, రవాణా, విక్రయాలపై నియంత్రణ రాష్ట్రాలది. 51వ అంశం ఎక్సైజ్ సుంకం విధించే అధికారాన్ని, 54వ అంశం అమ్మకపు పన్ను విధించే అధికారాన్ని ఇస్తున్నాయి. మరోవైపు, ఆరోగ్యానికి హాని కలిగించే మత్తు పానీయాల వాడకాన్ని నిషేధించేందుకు ప్రభుత్వాలు కృషి చేయాలని ఆదేశిక సూత్రాల్లోని 47వ అధికరణ సూచిస్తోంది. ఆదాయం కోసం మద్యంపై ఆధారపడటం, ఆరోగ్యం కోసం దానిని అదుపు చేయడం అనే రెండు విరుద్ధ బాధ్యతలు ఒకే శాఖ చేతిలో ఉండటానికి మూలం ఇక్కడే ఉంది.

2017 జులై 1న అమలులోకి వచ్చిన వస్తు సేవల పన్ను (జీఎస్టీ) పరిధిలోకి మానవ వినియోగానికి ఉద్దేశించిన మద్యం రాలేదు. దీని ప్రభావం వినియోగదారుడికి నేరుగా కనిపించదు. బీరు తయారీదారు గాజు సీసాలు, యంత్రాలు, ప్యాకింగ్ సామగ్రి కొన్నప్పుడు జీఎస్టీ చెల్లిస్తాడు. సబ్బు తయారీదారు అయితే ఆ మొత్తాన్ని తాను అమ్మే సరుకుపై కట్టాల్సిన పన్నులో మినహాయించుకోగలడు. బీరుపై జీఎస్టీ లేదు కనుక ఆ వెసులుబాటు బీరు తయారీదారుకు లేదు. ఆ భారం ఉత్పత్తి వ్యయంలో కలిసిపోతుంది. ఆ వ్యయంపై మళ్లీ రాష్ట్ర పన్నులు పడతాయి.

సీసా ధరలో ఏమేమి ఉంటాయి

దుకాణంలో చెల్లించే ధరలో తయారీదారు అందుకునే మూలధర ఒక భాగం మాత్రమే. దానిపై ఎక్సైజ్ సుంకం, అమ్మకపు పన్ను, కొన్నిచోట్ల ప్రత్యేక సెస్సులు, ప్రభుత్వ సంస్థ టోకు లాభం, చిల్లర దుకాణదారు లాభం చేరతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, పశ్చిమ బెంగాల్‌లలో టోకు వ్యాపారం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ల ద్వారానే సాగుతుంది. తయారీదారుకు చెల్లించే మూలధరను నిర్ణయించడంలోనూ ప్రభుత్వానిదే పైచేయి.

పన్ను విలువపై ఆధారపడినప్పుడు ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి కర్ణాటక ఉపయోగపడుతుంది. ఆ రాష్ట్రం 2023 జులైలో ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో బీరుపై అదనపు ఎక్సైజ్ సుంకాన్ని 175 శాతం నుంచి 185 శాతానికి పెంచింది. చూడటానికి ఇది పది శాతం పాయింట్ల పెంపు మాత్రమే. ఇదే రేట్లతో ఒక ఊహాత్మక లెక్క వేసి చూడవచ్చు.

పెద్ద కర్మాగారంలో సీసా మూలధర రూ.40, చిన్న తయారీదారు వద్ద రూ.60 అనుకుందాం. 175 శాతం సుంకంతో మొదటిది రూ.110, రెండోది రూ.165 అవుతుంది. దుకాణదారు లాభం 15 శాతం కలిపితే అవి వరుసగా రూ.126.50, రూ.189.75కు చేరతాయి. అంటే తయారీలో ఉన్న రూ.20 తేడా దుకాణం అరపై రూ.63 దాటిన తేడాగా మారింది. సుంకం 185 శాతమైతే పెద్ద కంపెనీ సీసా రూ.4.60 పెరుగుతుంది, చిన్న తయారీదారు సీసా రూ.6.90 పెరుగుతుంది. ఇద్దరికీ వర్తించిన రేటు ఒకటే అయినా, ఖరీదైన ముడిసరుకు వాడే చిన్న తయారీదారుపై రూపాయల్లో భారం ఎక్కువ పడింది. పన్నుపై లాభం, లాభంపై మళ్లీ పన్ను పడుతూ పోయే చోట ఈ అంతరం మరింత విస్తరిస్తుంది.

చిన్న తయారీదారుకు ఎందుకు కష్టం

క్రాఫ్ట్ బీరు అంటే తక్కువ పరిమాణంలో, ప్రత్యేకమైన రుచి కోసం తయారుచేసే బీరు. భారత్‌లో ఇది ఎక్కువగా మైక్రోబ్రూవరీల రూపంలో ఉంది. హోటల్ లేదా రెస్టారెంటు ఆవరణలోనే బీరు కాచి, పులియబెట్టి, అక్కడే గ్లాసుల్లో అందించే పద్ధతి ఇది. 2009లో పుణెలో ప్రారంభమైన డూలల్లీ ఈ తరహా కేంద్రాల్లో తొలితరానికి చెందినది. అనంతరం గురుగ్రామ్, బెంగళూరు, హైదరాబాద్, కోల్‌కతా నగరాలకు ఈ ధోరణి విస్తరించింది.

పెద్ద కర్మాగారాలకు లేని మూడు పరిమితులు ఈ కేంద్రాలకు ఉన్నాయి. మొదటిది, వీటి బీరు సాధారణంగా వడపోత, పాశ్చరీకరణ లేని తాజా పానీయం. ఎక్కువకాలం నిల్వ ఉండదు. పన్ను పెరిగి గిరాకీ తగ్గితే సరుకును గోదాములో దాచి మంచి రోజుల కోసం ఎదురుచూసే అవకాశం లేదు. రెండోది, తయారైన చోటే అమ్మాలన్న నిబంధన. ఒక రాష్ట్రంలో నష్టం వస్తే మరో రాష్ట్రపు విక్రయాలతో పూడ్చుకోగల పెద్ద కంపెనీ సౌలభ్యం వీటికి లేదు. మూడోది, స్థిర రుసుములు.

ఈ మూడో అంశాన్నీ లెక్కలోనే చూడవచ్చు. ఏడాదికి రూ.6 లక్షల స్థిర రుసుము ఉందనుకుంటే, 6 లక్షల లీటర్లు అమ్మేవారికి లీటరుకు రూపాయి భారం. 60 వేల లీటర్లు అమ్మేవారికి అదే రుసుము లీటరుకు రూ.10. పన్ను పెంపు వల్ల ఆ చిన్న కేంద్రం విక్రయాలు 48 వేల లీటర్లకు పడిపోతే లీటరుకు రూ.12.50 అవుతుంది. రుసుమును ఎవరూ పెంచలేదు, అయినా అది పెరిగింది. విక్రయంపై కాకుండా స్థాపిత సామర్థ్యంపై సుంకం కట్టించే విధానంలోనూ ఇదే జరుగుతుంది. అమ్ముడుపోని బీరుకు కూడా పన్ను కట్టాల్సి వస్తుంది.

పన్నుతో పాటు అనుమతుల వ్యయం కూడా ఉంటుంది. ప్రతి రాష్ట్రంలో ప్రతి బ్రాండుకు, ప్రతి లేబులుకు విడిగా నమోదు చేయించాలి. బీరా 91 బ్రాండు యజమాని బీ9 బెవరేజెస్ అనుభవం దీనికి నిదర్శనం. కంపెనీ పేరులోని ‘ప్రైవేట్’ అనే పదాన్ని తొలగించడంతో రాష్ట్రాలన్నింటిలో లేబుళ్లను మళ్లీ నమోదు చేయించాల్సి వచ్చింది. ఆ నెలల్లో విక్రయాలు స్తంభించాయి. 2023–24 ఆర్థిక సంవత్సరంలో సంస్థ నష్టం రూ.748 కోట్లకు చేరింది. పెట్టుబడిదారుల అండ ఉన్న కంపెనీకే ఇంత దెబ్బ తగిలితే, ఒకే నగరంలో ఒకే కేంద్రం నడిపేవారికి విధాన మార్పులు ఎంత ప్రమాదకరమో అర్థం చేసుకోవచ్చు.

తెలంగాణ అనుభవం

పన్ను పెంచకపోయినా, మూలధరను పెంచకుండా ఉంచితే తయారీదారుపై పడే ఒత్తిడి దాదాపు అలాంటిదే. కింగ్‌ఫిషర్ తయారీ సంస్థ యునైటెడ్ బ్రూవరీస్ 2025 జనవరి 8న తెలంగాణ బెవరేజెస్ కార్పొరేషన్‌కు సరఫరా నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. 2019–20 తర్వాత మూలధరను సవరించకపోవడం, బకాయిలు పేరుకుపోవడం ఇందుకు కారణాలుగా చూపింది. చర్చల అనంతరం జనవరి 20న సరఫరా పునరుద్ధరించింది. ధరలపై విశ్రాంత న్యాయమూర్తి నేతృత్వంలోని కమిటీ సిఫారసు మేరకు రాష్ట్ర ప్రభుత్వం ఫిబ్రవరి 11 నుంచి బీరు ధరలను 15 శాతం పెంచింది.

మార్కెట్లో సింహభాగం ఉన్న కంపెనీ సరఫరా ఆపగలిగింది, ప్రభుత్వంతో బేరమాడగలిగింది. చిన్న తయారీదారుకు ఆ బలం లేదు. సరఫరా ఆపితే అతని స్థానాన్ని మరొకరు తీసుకుంటారు. అందుకే ధరలను ప్రభుత్వం నిర్ణయించే మార్కెట్లో ఆలస్యమైన సవరణ కూడా ఒక రకమైన పన్నే. దాని బరువు ముందుగా పడేది బలహీనుడిపైనే.

బీరు ప్రియమైతే గొంతు ఎటు మళ్లుతుంది

వినియోగదారుడి వైపు నుంచి చూస్తే అసలు ప్రశ్న సీసా ధర కాదు. అంతే డబ్బుకు ఎంత ఆల్కహాల్ వస్తోందన్నది. భారత్‌లో విస్కీ, బ్రాందీ, రమ్ వంటి మద్యంలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో అది సుమారు 77 మిల్లీలీటర్లు. 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 5 శాతం చొప్పున 32.5 మిల్లీలీటర్లు, 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరులో 52 మిల్లీలీటర్లు ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానాన్ని తెచ్చి, 180 మిల్లీలీటర్ల మద్యాన్ని రూ.99కే అందుబాటులో ఉంచింది. ఈ లెక్కన మిల్లీలీటరు ఆల్కహాల్‌కు రూ.1.29 పడుతుంది. అదే ధరకు ఆల్కహాల్ ఇవ్వాలంటే 5 శాతం బీరు సీసాను సుమారు రూ.42కు, 8 శాతం బీరును రూ.67కు అమ్మాలి. వాస్తవ ధర దీనికి ఎంతో ఎగువన ఉంటుంది. మత్తు కోసమే తాగే కూలీకి బీరు ఖరీదైన దారి, క్వార్టర్ చౌకైన దారి అవుతాయి. బీరుపై పన్ను పెంచి, చౌక మద్యాన్ని యథాతథంగా ఉంచితే తక్కువ ఘాటు పానీయం నుంచి ఎక్కువ ఘాటు పానీయానికి జనాన్ని నెట్టినట్లవుతుంది.

పరిమాణాన్ని బట్టి లీటరుకు ఇంత అని పన్ను వేసినప్పుడు బీరు లోపల కూడా ఇదే తర్కం పనిచేస్తుంది. 4.5 శాతం బీరుకూ 8 శాతం బీరుకూ ఒకే పన్ను అయితే, అదే డబ్బుకు ఎక్కువ మత్తునిచ్చేది రెండోదే. దేశంలో అమ్ముడయ్యే బీరులో అధిక భాగం స్ట్రాంగ్ రకమే కావడానికి ఈ పన్ను పద్ధతి కూడా ఒక కారణం. రుచి కోసం తక్కువ ఘాటుతో తయారుచేసే క్రాఫ్ట్ బీరు ఈ పోటీలో వెనుకబడుతుంది.

పెంచి, తగ్గించిన రాష్ట్రాలు

2020లో కోవిడ్ వల్ల ఆదాయం పడిపోయినప్పుడు రాష్ట్రాలు మద్యంపైనే ఆధారపడ్డాయి. పశ్చిమ బెంగాల్ ఆ ఏడాది ఏప్రిల్‌లో 30 శాతం అదనపు అమ్మకపు పన్ను విధించింది. మే నెలలో ఢిల్లీ 70 శాతం ప్రత్యేక రుసుము వేసింది. ఆంధ్రప్రదేశ్ వరుసగా రెండు రోజుల్లో 25 శాతం, 50 శాతం చొప్పున మొత్తం 75 శాతం ధరలు పెంచింది. మద్యపానాన్ని నిరుత్సాహపరచడమే లక్ష్యమని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది.

ఈ మూడూ తర్వాత వెనక్కి తగ్గాయి. ఢిల్లీ జూన్‌లోనే ప్రత్యేక రుసుమును ఉపసంహరించి వ్యాట్‌ను 20 నుంచి 25 శాతానికి పెంచడంతో సరిపెట్టుకుంది. పశ్చిమ బెంగాల్ 2021 నవంబరులో సుంకాలను సవరించి ధరలు తగ్గించింది. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది డిసెంబరులో పన్నులు తగ్గించింది. పన్ను రేటును పెంచినంత మాత్రాన ఆదాయం అదే నిష్పత్తిలో పెరగదు. ఒక హద్దు దాటాక కొనుగోళ్లు తగ్గుతాయి, లేదా పొరుగు రాష్ట్రం వైపు, అక్రమ మార్కెట్ వైపు మళ్లుతాయి.

ఆ మళ్లింపు ప్రమాదం ఎంతటిదో బెంగాల్‌కు తెలుసు. 2011 డిసెంబరులో దక్షిణ 24 పరగణాల జిల్లా సంగ్రామ్‌పూర్ ప్రాంతంలో కల్తీసారా తాగి 170 మందికి పైగా మరణించారు. మృతుల్లో ఎక్కువ మంది రోజుకూలీలు, రిక్షా కార్మికులు, చిరువ్యాపారులు.

పన్ను అవసరమే లేదా?

ఇంతమాత్రాన మద్యంపై పన్ను వ్యర్థమని చెప్పడానికి ఆధారాలు లేవు. ధర పెరిగితే వినియోగం తగ్గుతుందన్నది పలు దేశాల్లో రుజువైన విషయం. 112 అధ్యయనాలను క్రోడీకరించి 2009లో ప్రచురితమైన ఒక విశ్లేషణ ప్రకారం, ధర 10 శాతం పెరిగితే బీరు వినియోగం సుమారు 4.6 శాతం, ఘాటు మద్యం వినియోగం సుమారు 8 శాతం తగ్గుతాయి. అయితే అతిగా తాగేవారిలో ఆ తగ్గుదల 2.8 శాతమే. అంటే మితంగా తాగేవాడు త్వరగా స్పందిస్తాడు. అలవాటుకు బానిసైనవాడు అదే మోతాదు కోసం ఇంటి ఖర్చులో కోత పెడతాడు. పన్ను పెంపు భారం మోసేవారి జాబితాలో సీసాను ముట్టని భార్యాపిల్లలు కూడా ఉండటానికి కారణం ఇదే.

తెలుగు నేలకు ఈ సత్యం కొత్తది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించి ప్రారంభించిన ఉద్యమానికి మూలం ఇంటికి చేరని కూలి డబ్బులే. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఆదాయ నష్టం, అక్రమ రవాణాల నేపథ్యంలో 1997లో నిషేధం సడలింది. ఇళ్లలో కొరత, ఖజానాలో కొరత అనే రెండు వాదనల మధ్యే అప్పటి నుంచి విధానం ఊగిసలాడుతోంది.

ఇతర దేశాలు ఏం చేశాయి

ఈ చిక్కును కొన్ని దేశాలు పన్ను నిర్మాణాన్ని మార్చి పరిష్కరించేందుకు ప్రయత్నించాయి. బ్రిటన్ 2002లో చిన్న బ్రూవరీలకు సుంకంలో రాయితీ ప్రవేశపెట్టింది. ఏడాదికి 5 లక్షల లీటర్ల లోపు తయారుచేసేవారు సగం సుంకమే చెల్లించేవారు. 2023 ఆగస్టులో ఆ దేశం మొత్తం మద్యం సుంకాన్ని ఆల్కహాల్ మోతాదుతో ముడిపెట్టింది. చిన్న తయారీదారులకు రాయితీని కొనసాగించింది.

అమెరికాలో ఏడాదికి 20 లక్షల బ్యారెళ్ల లోపు తయారుచేసే బ్రూవరీలు తమ తొలి 60 వేల బ్యారెళ్లపై చెల్లించే సమాఖ్య సుంకం 2018 నుంచి బ్యారెల్‌కు 7 డాలర్లకు బదులు 3.50 డాలర్లయింది. తాత్కాలికంగా తెచ్చిన ఈ రాయితీని 2020 డిసెంబరులో శాశ్వతం చేశారు. స్కాట్లాండ్ మరో మార్గం ఎంచుకుంది. ఆల్కహాల్ యూనిట్‌కు కనీస ధరను 2018 మేలో 50 పెన్నీలుగా నిర్ణయించింది. ఫలితంగా ఆల్కహాల్ కారణంగానే సంభవించే మరణాలు 13.4 శాతం తగ్గాయని 2023లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. 2024 సెప్టెంబరు 30న ఆ కనీస ధరను 65 పెన్నీలకు పెంచారు. స్కాట్లాండ్ విధానం లక్ష్యంగా చేసుకున్నది అత్యంత చౌకగా దొరికే ఘాటు మద్యాన్ని. రుచి కోసం ఎక్కువ ధర చెల్లించి కొనే బీరుపై దాని ప్రభావం స్వల్పం.

లెక్కల్లోకి రాని చిన్న తయారీదారులు

క్రాఫ్ట్ బీరు నగరాల సంపన్నుల వ్యవహారమన్న అభిప్రాయం ఉంది. కానీ చేతితో, చిన్న కుండల్లో బీరు తయారుచేసే సంప్రదాయం ఖరగ్‌పూర్ పరిసరాల్లో ఎంతో పాతది. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని సంతాలీ, ముండా కుటుంబాలు అన్నానికి మూలికలతో చేసిన బాఖర్ ఉండలు కలిపి పులియబెట్టి హండియా అనే పానీయం తయారుచేస్తాయి. పండుగలకూ పెళ్లిళ్లకూ ఇది తప్పనిసరి. సంతల్లో దీన్ని అమ్మేది ఎక్కువగా మహిళలే. ధాన్యాన్ని పులియబెట్టి చేసే ఈ తరహా పానీయాన్ని 1909 నాటి బెంగాల్ ఎక్సైజ్ చట్టం ‘పచ్వాయి’ పేరుతో ప్రత్యేకంగా నిర్వచించింది. సీసా బీరు ధర పెరిగినప్పుడు కొందరు తిరిగి చేరేది ఈ కుండల దగ్గరికే. తాటికల్లు గీసే గీత కార్మికుడిదీ ఇలాంటి స్థితే. చట్టం గుర్తించినా, లైసెన్సులు, లేబుళ్లు, టోకు డిపోల చుట్టూ అల్లిన నేటి వ్యవస్థలో ఇలాంటి చిన్న ఉత్పత్తిదారులకు దక్కే చోటు తక్కువ.

పెంపు ప్రకటన వెలువడినప్పుడు చూడాల్సినవి

బీరుపై పన్ను పెరిగిందన్న వార్త వచ్చినప్పుడు శాతంతో పాటు నాలుగు అంశాలు పరిశీలిస్తే భారం ఎటు పోతుందో తెలుస్తుంది. పన్ను పరిమాణంపైనా, విలువపైనా, ఆల్కహాల్ మోతాదుపైనా? అదే సమయంలో చౌక ఘాటు మద్యం ధర పెరిగిందా, తగ్గిందా? స్థిర రుసుముల్లో చిన్న తయారీదారుకు విడి శ్లాబు ఉందా? వచ్చే అదనపు ఆదాయంలో వ్యసన విముక్తి కేంద్రాలకు, కల్తీసారా నిరోధానికి వాటా ఉందా?

మోతాదును బట్టి పన్ను వేసి, చౌక మద్యాన్ని మినహాయించకుండా, చిన్న ఉత్పత్తిదారుకు వేరు మెట్టు ఏర్పరిస్తే ఆరోగ్యం, ఆదాయం, ఉపాధి మూడింటికీ కొంత రక్షణ దొరుకుతుంది. లీటరును మాత్రమే కొలిచి రేటు పెంచుకుంటూ పోతే పెద్ద కంపెనీ బేరమాడి నిలబడుతుంది. చిన్న కేంద్రం మూతపడుతుంది. తాగేవాడు ఘాటైన, చౌకైన సీసాకు మారతాడు. అతని కూలిలో ఇంటికి చేరే భాగం మాత్రం పెరగదు.